స్లీవ్ ఆపరేషన్ అయిన 14 నెలలకు రాత్రిళ్లు తిండి మీదికే మనసు పోతోంది. కడుపు మళ్లీ పెద్దదైపోయిందా?

అమ్మా, మీరు రాసింది నిన్న రాత్రి ఒకసారి, ఈ ఉదయం ఇంకోసారి చదివాను. చదివే మిగతావాళ్ల కోసం ముందు మీ సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. మీది చిత్తూరు, వయసు 38. పద్నాలుగు నెలల కిందట చెన్నైలో స్లీవ్ ఆపరేషన్ (బరువు తగ్గడానికి కడుపులో చాలా భాగం తీసేసేది) చేయించుకున్నారు. 118 కిలోల నుంచి 80కి దిగారు. మొదటి ఎనిమిది నెలలు ఆకలి అన్నదే తెలియలేదు. ఇప్పుడు రెండు నెలలుగా రాత్రి పదిన్నర దాటాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, వంటింట్లో నిలబడి మిక్చరో, బిస్కెట్లో, ఎవరో తెచ్చిచ్చిన తిరుమల లడ్డూనో తింటున్నారు. తూకం 83 చూపిస్తోంది. మీ ఆయనకు బెంగళూరులో ఉద్యోగం, అత్తగారు, పిల్లలు మీతో ఉంటారు. "అంత డబ్బు పోసి కడుపు కోయించుకుని కూడా నోరు కట్టుకోలేకపోయాను" అని రాశారు. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

తిరుపతిలో పదహారేళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. చెన్నైలోనో, బెంగళూరులోనో ఆపరేషన్ చేయించుకుని ఊరికొచ్చి, ఇక్కడి వంటింట్లో ఎలా తినాలో తెలియక వచ్చేవాళ్లను చాలామందిని చూశాను. మొదట్లో ఒకామెతో నేనూ ఆ మాటే అన్నాను. ఆరు కిలోలు పెరిగి వచ్చింది. "నోరు కట్టుకోవాలమ్మా, లేకపోతే ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నట్టు" అన్నాను. తల ఊపి వెళ్లింది. మళ్లీ రెండేళ్లకు గానీ రాలేదు. వచ్చేసరికి ఇరవై కిలోలు పెరిగింది, విటమిన్ మాత్రలు ఎప్పుడో మానేసింది, బీ12 బాగా పడిపోయి అరికాళ్లు తిమ్మిర్లు ఎక్కుతున్నాయి. ఎందుకు రాలేదని అడిగితే, "మీరు తిడతారని" అంది. ఆమె రాకపోవడానికి కారణం నేనే. ఆ తర్వాత ఆ మాట మరెవరితోనూ అనలేదు. మీరు కూడా మిమ్మల్ని మీరు అనుకోకండి.

ముందు మీ ప్రశ్నకు జవాబు. మీ కడుపు మళ్లీ పెద్దదైపోయిందని నేను అనుకోవడం లేదు. మీరే రాశారు, సంకటి సగం ముద్ద, రెండు ముక్కల కోడికూర తినేసరికి గొంతు దాకా వచ్చినట్టు ఉంటుందని. అంటే చిన్నదైన కడుపు తన పని చేస్తూనే ఉంది. ఈ ఆపరేషన్ తర్వాత బరువు దిగడం సాధారణంగా 12 నుంచి 18 నెలల మధ్య ఆగుతుంది. ఆగిన చోటు నుంచి రెండు మూడు కిలోలు పైకి రావడం చాలామందిలో కనిపించేదే. 38 కిలోలు దిగి 3 కిలోలు ఎక్కినంత మాత్రాన ఆపరేషన్ పాడైపోయినట్టు కాదు. అయితే రెండు నెలల్లో మూడు కిలోలంటే దాన్ని అట్లా వదిలేయకూడదు కూడా. ఇప్పుడే అడిగారు, మంచి పని చేశారు.

మరి సగం ముద్దకే నిండిపోయే కడుపులోకి మిక్చరు పొట్లం మొత్తం ఎలా పడుతోంది? ఈ సంగతి తెలియకే చాలామంది తమను తాము తిట్టుకుంటారు. కోడికూర, పప్పు, పనీర్ లాంటివి ఆ సన్నని గొట్టంలాంటి కడుపులో కాసేపు నిలబడతాయి. నిలబడితేనే నిండినట్టు అనిపిస్తుంది. మిక్చరు, మురుకులు, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్ నోట్లోనే పిండైపోయి జారిపోతాయి. చారు పోసి పిసికిన అన్నం కూడా అంతే. ఎంత తిన్నా కడుపు 'చాలు' అనదు, ఎందుకంటే దానిమీద బరువు పడనే లేదు. మీరు తిండిపోతు అయినందువల్ల పొట్లం ఖాళీ కావడం లేదు. ఆ తిండి స్వభావమే అది.

ఇక ఆకలి తిరిగి రావడం గురించి. స్లీవ్‌లో కడుపులో దాదాపు ముప్పావు వంతు నుంచి 80 శాతం దాకా తీసేస్తారు. తీసేసిన దాంట్లో పైభాగం కూడా ఉంటుంది. ఘ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది అక్కడే. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు. ఆ భాగం పోవడంతో మొదటి నెలల్లో ఘ్రెలిన్ బాగా తగ్గుతుంది, పేగుల నుంచి వచ్చే 'ఇక చాలు' అనే సంకేతాలు పెరుగుతాయి. మీకు ఎనిమిది నెలలు ఆకలి తెలియకపోవడానికి కారణం ఇదే. ఆ రోజుల్లో మీరేమీ నిగ్రహంగా ఉండి ఆకలిని గెలవలేదు, శరీరమే మీకు సెలవిచ్చింది. ఏడాది తిరిగేసరికి చాలామందిలో ఆకలి కొంత తిరిగొస్తుంది. కాబట్టి ఇప్పుడు వచ్చింది ఓటమి కాదు, సెలవు అయిపోయిందంతే. అన్నిటికంటే ముఖ్యం, డాక్టరు కత్తి కడుపును ముట్టుకుంది గానీ దిగులు వచ్చినప్పుడు తీపి కావాలనే మెదడును ముట్టుకోలేదు. ఆ అలవాటు మీకు ముప్పై ఏళ్లది.

ఇప్పుడు మీ రోజు చూద్దాం. పొద్దున రెండు ఇడ్లీలు, చట్నీ. పదకొండుకు కాఫీ. మధ్యాహ్నం నాలుగు ముద్దలు చారన్నం, ఉర్లగడ్డ వేపుడు. నాలుగింటికి టీ, రెండు బిస్కెట్లు. రాత్రి ఎనిమిదికి ఒక చపాతీ, కొంచెం కుర్మా. ఎంత ధారాళంగా లెక్కేసినా ఇందులో ప్రొటీన్ 20 గ్రాములు దాటదు. మీకు రోజుకు కావలసింది కనీసం 60 గ్రాములు. అంటే రాత్రి పదిన్నరకు వంటింట్లోకి వెళ్లేది సగం ఆకలితో ఉన్న మనిషి. ఆ సమయానికి దిగులు కూడా తోడవుతుంది. ఆకలినీ దిగులునూ ఒకేసారి ఆపాలంటే ఎవరి తరమూ కాదు. కాబట్టి ముందు ఆకలిని పక్కకు తప్పిద్దాం. అప్పుడు దిగులు విడిగా కనిపిస్తుంది.

పొద్దున ఒక ఇడ్లీ తగ్గించి రెండు కోడిగుడ్లు పెట్టుకోండి, 12 గ్రాములు. మధ్యాహ్నం పళ్లెంలో ముందు కూర తినండి, తర్వాతే అన్నమైనా సంకటైనా. వండిన కోడిమాంసం 75 గ్రాములుంటే 20 గ్రాముల దాకా వస్తుంది. చివర్లో చిన్న గిన్నె గట్టి పెరుగు, 5 గ్రాములు. నాలుగింటికి బిస్కెట్లకు బదులు చిన్న కప్పు ఉడికించిన శనగలు తాలింపు పెట్టుకుని తినండి, ఇంకో 5. సంక్రాంతి రోజుల్లో అయితే మన అనపగింజలు, పితికిపప్పు ఉండనే ఉన్నాయి. రాత్రి చపాతీ సగమే, దాంతో 75 గ్రాముల పనీర్, 13 లేక 14 గ్రాములు. పడుకోబోయే ముందు గ్లాసు పాలు, 6. మొత్తం 60 దాటింది. శనివారం నీచు తినరని రాశారు కాబట్టి ఆ రోజు గుడ్లకు, కోడికూరకు బదులు మీల్‌మేకర్, పనీర్, పప్పు పెంచండి. ఎండు మీల్‌మేకర్‌లో సగం ప్రొటీనే.

రాగి సంకటి గురించి ఒక మాట. మన వైపు సంకటి తింటే బలం అని నమ్ముతాం. రాగుల్లో కాల్షియం బాగుంటుంది, సంకటి కడుపులో నిలుస్తుంది, అదంతా నిజమే. కానీ ప్రొటీన్ నూటికి 7 గ్రాములే. మీకున్న కొద్ది చోటును ముద్ద ఆక్రమిస్తే కూరకు చోటుండదు. నిమ్మకాయంత సంకటి చాలు. శెనక్కాయల ఊరిబిండి (రోటి పచ్చడి) రెండు చెంచాలు వేసుకోండి, తప్పు లేదు. వేయించిన శెనక్కాయల గిన్నె మాత్రం పక్కన పెట్టుకుని టీవీ ముందు కూర్చోవద్దు.

తింటూ నీళ్లు తాగవద్దని ఆసుపత్రిలో చెప్పే ఉంటారు. తిన్నాక అరగంట ఆగాలి. మన ఇళ్లలో చారు, మజ్జిగ నీళ్ల లెక్కలోకి రావనుకుంటాం. వస్తాయి. చారు తాగాలనిపిస్తే అన్నంలో పోసుకోకుండా సాయంత్రం విడిగా గ్లాసులో తాగండి. పల్చటి మజ్జిగ భోజనాల మధ్య తాగితే దాహమూ తీరుతుంది, నోటికి ఏదో కావాలన్న గోల కూడా సగం తగ్గుతుంది. చిత్తూరు ఎండల్లో దాహాన్ని ఆకలి అనుకోవడం మామూలే.

దిగులు దగ్గరికి వెళ్లేముందు ఆకలిలా కనిపించే రోగాలు కొన్ని చెప్పాలి, ఎందుకంటే వీటిని కూడా జనం 'నోటి దురద' కిందే జమకడతారు.

స్లీవ్ తర్వాత ఎసిడిటీ మామూలు. పైకడుపులో కొరికినట్టు, లాగినట్టు ఉంటుంది. ఏదైనా తింటే రెండు నిమిషాలు సర్దుకుంటుంది, మళ్లీ మొదలవుతుంది. అది ఆకలి కాదు, మంట. రాత్రి పడుకున్నాక ఎక్కువవుతుందా, గొంతులోకి పులుపు వస్తుందా చూసుకోండి. వస్తుంటే సర్జన్‌కు చెప్పాలి, మాత్రతో సర్దుకునే దాన్ని మిక్చరుతో నయం చేయలేం.

రెండోది, తీపి తిన్న గంట నుంచి మూడు గంటల లోపల చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, ఉన్నట్టుండి తట్టుకోలేని ఆకలి. తీపి వేగంగా పేగుల్లోకి జారి ఇన్సులిన్ ఎక్కువగా వచ్చి, రక్తంలో చక్కెర పడిపోవడం వల్ల ఇది వస్తుంది. బైపాస్ (గుండెది కాదు, బరువు తగ్గడానికే కడుపుకు, పేగుకు చేసే ఇంకో ఆపరేషన్) చేయించుకున్నవాళ్లలో ఎక్కువ, స్లీవ్ వాళ్లలోనూ ఉంటుంది. ఇంట్లో అత్తగారికి షుగర్ చూసే మెషీన్ ఉందన్నారు కదా, ఆ క్షణంలో చూసి అంకె రాసి పెట్టుకోండి. డాక్టరుకు ఆ అంకె ఎంతో ఉపయోగం.

మూడోది మన ఆడవాళ్లు ఎవరికీ చెప్పుకోరు. పచ్చి బియ్యం నమలాలనిపించడం, బలపాలు, సుద్దముక్కలు, మట్టి, ఫ్రిజ్‌లో ఐసుగడ్డలు. మీరు అడగలేదు, కానీ నేను అందరినీ అడుగుతాను. ఇది చాలాసార్లు ఐరన్ లోపానికి గుర్తు. ఈ ఆపరేషన్ల తర్వాత ఐరన్ తగ్గడం చాలా ఎక్కువ, నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లలో మరీ. నా దగ్గరికి వచ్చిన ఒక టీచరు రోజూ బలపాలు తింటున్నానని చెప్పడానికి మూడుసార్లు వచ్చి మూడుసార్లు తిరిగి వెళ్లింది. నాలుగోసారి చెప్పింది. ఐరన్ ఎక్కించాక ఆ కోరిక దానంతట అదే పోయింది. సిగ్గుపడాల్సిందేమీ లేదమ్మా, ఉంటే చెప్పండి. ఏడాది పరీక్షలు చేయించుకోలేదని రాశారు. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), బీ12, విటమిన్ డీ, కాల్షియం ఈ వారంలోనే చేయించండి.

ఇప్పుడు రాత్రి పదిన్నర.

మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం ఒకటుంది. "ఆయన పదింటికి ఫోన్ చేస్తారు, నాలుగు నిమిషాలు మాట్లాడతాం, స్కూలు ఫీజులు, కరెంటు బిల్లు అంతే." ఇంకో చోట రాశారు, ఆపరేషన్‌కు ముందు ఆయన వచ్చిన ప్రతి ఆదివారం బండి మీద ఇద్దరూ పానీపూరీకి వెళ్లేవాళ్లమని, ఇప్పుడు వెళ్లడం మానేశామని. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి. మీ ఇద్దరికీ కలిసి గడపడం అంటే కలిసి తినడమే. ఆపరేషన్ బరువుతో పాటు దాన్ని కూడా తీసుకుపోయింది. దాని చోట ఇంకేదీ రాలేదు. నాలుగు నిమిషాల ఫోను పెట్టేశాక మీకు వచ్చేది మిక్చరు మీద ఆశ అని నేను అనుకోను.

పుత్తూరు నుంచి వచ్చే ఒకామె నాకు ఈ సంగతి నేర్పింది. ఉమ్మడి కుటుంబం, పొద్దున ఐదింటి నుంచి పని. బైపాస్ అయిన రెండో ఏడాది సాయంత్రం ఆరింటికి రోజూ గిన్నెడు బొరుగులు పెట్టుకుని అరగంట తినేది. నేను ప్రొటీన్ సరిచేశాను, రక్త పరీక్షలు చేయించాను, ఏదీ పనిచేయలేదు. చివరికి, "ఆ అరగంట తినకుండా ఊరికే కూర్చుంటే ఏమవుతుంది?" అని అడిగాను. నా వైపు వింతగా చూసి, "ఊరికే కూర్చుంటే పని చెప్తారు మేడమ్. ఎంగిలి చెయ్యి ఉంటేనే లేవమనరు" అంది. ఆమెకు కావలసింది బొరుగులు కాదు, కూర్చోవడం. ఇంట్లో దానికి దొరికిన అనుమతి ఎంగిలి చెయ్యి ఒక్కటే. ఆమె భర్తను పిలిపించి మాట్లాడాను. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా ఆమె మేడ మీద ఉంటుంది, ఎవరూ పిలవకూడదు అని ఇంట్లో ఒప్పుకున్నారు. బొరుగులు పూర్తిగా మానేసిందని చెప్పను, వారానికి రెండు రోజులకు వచ్చింది.

అందుకే మీ తిండి మీకు ఏ పని చేసిపెడుతోందో ముందు తెలుసుకోవాలి. ఒక చిన్న నోటుబుక్కు వంటింటి గూట్లో పెట్టండి. తినాలనిపించిన ప్రతిసారీ, తిన్నా తినకపోయినా, మూడు సంగతులు రాయండి: టైము ఎంత, దానికి ముందు అరగంటలో ఏం జరిగింది, నోరు ఏం అడిగింది. ఎంత తిన్నారో, ఎన్ని క్యాలరీలో రాయవద్దు. అవి రాస్తే పుస్తకం తీర్పు చెప్పేదవుతుంది, రెండు రోజుల్లో దాన్ని తెరవడం మానేస్తారు. నోరు ఏం అడిగిందో రాయమనడానికి కారణముంది. కడుపు ఆకలి మెల్లగా పెరుగుతుంది, ఉడికించిన గుడ్డు ఇచ్చినా సరే అంటుంది. దిగులుతో వచ్చేది ఉన్నట్టుండి వస్తుంది, పేరు పెట్టి అడుగుతుంది: లడ్డూనే కావాలి, ఆ కారం మిక్చరే కావాలి. వారం రోజుల రాతలు చూస్తే మీకే తెలుస్తుంది ఏది ఏదో.

కోరిక వచ్చిన క్షణంలో దానితో కుస్తీ పట్టవద్దు. 'తినను' అని ఒట్టు వేసుకుంటే అది ఇంకా గట్టిపడుతుంది. 'తింటాను, పావుగంట ఆగి తింటాను' అనుకోండి. కోరిక అలలాంటిది, పైకి లేస్తుంది, చాలాసార్లు పావుగంట, ఇరవై నిమిషాల్లో దిగుతుంది. ఆ పావుగంట వంటింట్లో మాత్రం ఉండకండి. మేడ మీద నడవండి, వేడినీళ్లతో కాళ్లు కడుక్కోండి, చెల్లెలికి వాయిస్ మెసేజ్ పెట్టండి. పావుగంట తర్వాత కూడా కావాలంటే తినండి, కానీ పళ్లెంలో పెట్టుకుని, లైటు వేసుకుని, కూర్చుని తినండి. చీకట్లో నిలబడి పొట్లంలోంచి తినే తిండి ఎంత తిన్నా తిన్నట్టు ఉండదు. దొంగతనంగా తిన్నామన్న బాధ మిగులుతుంది, ఆ బాధే రేపటి తిండికి దారి తీస్తుంది.

ఫోను సంగతి మీ ఆయనతో చెప్పండి. బిల్లులు, ఫీజులు వాట్సాప్‌లో రాసేసుకోండి. రాత్రి ఫోను తొమ్మిదింటికి మార్చుకుని, అందులో డబ్బు మాట రాకూడదని ఇద్దరూ ఒప్పుకోండి. ఆదివారం బండి మీద వెళ్లడం మళ్లీ మొదలుపెట్టండి. కాణిపాకం దాకా వెళ్లి రండి, ఊరి చెరువు గట్టు దాకా వెళ్లి రండి. పానీపూరీ బండి దగ్గర ఆగాలనిపిస్తే ఆగండి. ఆయన ప్లేటులోంచి రెండు తినండి, నీళ్లు తక్కువగా, మెల్లగా నమిలి.

లడ్డూ గురించి. తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఇది తప్పని సమస్య, ఎవరు కొండకు వెళ్లొచ్చినా ఇంటికి లడ్డూ వస్తుంది. ప్రసాదం వద్దనమని నేను చెప్పను. ఒక లడ్డూ సుమారు 175 గ్రాములుంటుంది, శనగపిండి, చక్కెర, నెయ్యి. డబ్బాలో మొత్తంగా పెట్టి ఫ్రిజ్‌లో దాస్తే అది రాత్రంతా మిమ్మల్ని పిలుస్తుంది. వచ్చిన గంటలోనే చిదిపి, పక్కింటికి, పనిమనిషికి, పిల్లలకు పంచేయండి. పంచడం ప్రసాదానికి మర్యాదే. మీ వాటా చిటికెడు, పగటిపూట, భోజనం చివర, కళ్లకద్దుకుని కూర్చుని తినండి. నిషేధం లేని దానికి రాత్రి పూట అంత బలం ఉండదు. బైపాస్ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు ఆ చిటికెడు మించితే తిన్న అరగంటలోనే కడుపునొప్పి, విరేచనం, కళ్లు తిరగడం రావచ్చు, దాన్ని డంపింగ్ అంటారు.

మీరు శనివారాలు ఒక్కపొద్దు ఉంటున్నారని, పెరటాసి నెలంతా (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) గట్టిగా చేశానని రాశారు. మీ రాతలో రాత్రి తిండి ఎక్కువైన రోజులు చూస్తే శనివారం రాత్రి, ఆదివారం రాత్రి. ఇది కాకతాళీయం కాదు. మామూలు కడుపున్న మనిషి ఒక్కపూట భోజనంలో రోజుకు కావలసింది తినగలడు, మీరు తినలేరు. పొద్దంతా ఖాళీగా ఉన్నాక సాయంత్రం జారిపోయే తిండి మీద పడటం తప్పదు. స్వామికి చేసే మొక్కు ఇంకో రూపంలో చేయండి. నీచు మానేయడం ఎలాగూ ఉంది, ఆ రోజు ఫోను పక్కన పెట్టండి, గుళ్లో గంట సేపు కూర్చోండి, ఎవరికైనా అన్నం పెట్టండి. మందులు, పథ్యం ఉన్నవాళ్లకు ఒక్కపొద్దు తప్పనిసరి కాదని మన పెద్దలూ అంటారు. మీ అత్తగారికి ఈ మాట ఆమె నమ్మే మనిషితో చెప్పించండి.

నడక మంచిదే. సర్జన్ సరేనంటే అలిపిరి మెట్లు 3,550 కూడా ఎక్కండి, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఏడాది తిరిగాక ఎక్కినవాళ్లు ఉన్నారు. కానీ రాత్రి లడ్డూ తిన్నాను కాబట్టి పొద్దున రెండు గంటలు నడుస్తాను అని మాత్రం వద్దు. తిన్నదానికి శిక్షగా నడిచే మనిషి నాలుగు రోజుల్లో నడకను ద్వేషిస్తుంది. మీకు దిగులు మొదలయ్యే వేళకు ముందు, తొమ్మిదిన్నరకు, ఇరవై నిమిషాలు నడవండి.

అత్తగారు "ఇంత ఖర్చుపెట్టి ఏం లాభం" అంటారని, అదే నోటితో "ముఖం పీక్కుపోయింది, ఇంకో ముద్ద తిను" అంటారని రాశారు. రెండూ ప్రేమతోనో, భయంతోనో వచ్చే మాటలు. వాదించకుండా ఒకటే జవాబు ఎప్పుడూ ఇవ్వండి: "డాక్టరు కొంచెం కొంచెం ఆరుసార్లు తినమన్నారత్తా, ఇప్పుడు ఇంతే, మళ్లీ నాలుగింటికి తింటాను." ఇందులో ఆమె చేతి వంటను కాదన్నట్టు ఉండదు. ఇంకా మంచిది, నాలుగింటి శనగలు ఆమె చేతే తాలింపు పెట్టించండి. మీ మంచి కోసం చేయడానికి ఆమెకు ఒక పని దొరుకుతుంది.

ఇప్పుడు చెప్పేది తేలిగ్గా దాటేయవద్దు. ఆపలేకపోతున్నాను, చేతులు నావి కానట్టు ఉంటుంది, వాంతి అయ్యేదాకా తింటున్నాను, లేదా వేలు పెట్టి కక్కుతున్నాను, నమిలి ఉమ్మేస్తున్నాను: ఇలా ఉంటే అది డైటీషియన్ ఒక్కతే చూడగలిగే విషయం కాదు. మానసిక వైద్యులకు దీనికి చికిత్స తెలుసు, మాటలతోనూ చేస్తారు, అవసరమైతే మందులతోనూ. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లడానికి మొహమాటమైతే ముందు 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ, 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రి అయినా తీస్తారు. ఆపరేషన్ తర్వాత కొందరికి దిగులు తగ్గకపోగా ఎక్కువవుతుంది, బతకాలనిపించదు. అలాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పాలి, ఆ నంబరుకు చెప్పాలి.

అలాగే తిండి చోట మందు అలవాటు చేసుకోవడం, ముఖ్యంగా మగవాళ్లలో, నేను చూశాను. ఈ ఆపరేషన్ల తర్వాత మద్యం చాలా త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది, ఒక పెగ్గు రెండు పెగ్గుల్లా పనిచేస్తుంది, అలవాటు కావడమూ సులువు. మీకు వర్తించదు, చదివేవాళ్లలో ఎవరికైనా వర్తిస్తుందని రాస్తున్నాను. వాంతులు రెండు మూడు రోజులు ఆగకపోతే కూడా ఇంట్లో కూర్చోవద్దు, బీ1 విటమిన్ పడిపోతే నరాలకు, మెదడుకు దెబ్బ తగులుతుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆకలి తగ్గించే ఇంజెక్షన్ల గురించి కూడా అడిగారు. ఆపరేషన్ తర్వాత బరువు పెరిగినవాళ్లకు డాక్టర్లు వాటిని ఇస్తున్నారు, కొందరికి బాగా పనిచేస్తున్నాయి. కానీ మీ ప్రొటీన్ 20 గ్రాములుండగా ఉన్న కాస్త ఆకలినీ చంపుకుంటే కండ కరుగుతుంది, జుట్టు ఇంకా ఊడుతుంది. ముందు తిండి సరిచేసుకుని, పరీక్షలు వచ్చాక, మీ సర్జన్‌ను అడగండి. తెలిసిన మెడికల్ షాపు నుంచి సొంతంగా తెచ్చుకోవద్దు.

ఈ రాత్రికి చేయాల్సింది మిక్చరు పొట్లం విసిరేయడం కాదు. పడుకునే ముందు గుడ్లు ఉడికించి పెట్టుకోండి, పాలు తాగండి, నోటుబుక్కు గూట్లో పెట్టండి. రేపు శుక్రవారం, ల్యాబ్ తెరిచే ఉంటుంది, ఏమీ తినకుండా పొద్దున్నే వెళ్లి రక్తం ఇచ్చి, రాగానే ఆ గుడ్లు తినండి. వచ్చే శుక్రవారానికి రిపోర్టులు, ఏడు రోజుల రాతలు ఇక్కడే పెట్టండి. తూకం మాత్రం ఆ వారం చూడకండి. రాత్రి పైకడుపులో మంట ఉందో లేదో, బలపాలు, ఐసు తినాలనిపిస్తుందో లేదో కూడా రాయండి, మీరు ఆ రెండూ చెప్పలేదు.